గోరంత కోత, కొండంత కాపలా

మూడు నెలల పసిబిడ్డ పాదం డాక్టర్ అరచేతిలో సగం కూడా ఉండదు. పుట్టినప్పుడు అది లోపలికి తిరిగిపోయి, అరికాలు పక్క కాలిని చూస్తున్నట్టుగా ఉండేది. వంకర పాదం, క్లబ్‌ఫుట్ అనేది దీన్నే. వారానికొకటి చొప్పున అయిదారు పిండికట్లు మారాక వేళ్లు బయటికి తిరిగాయి, పాదం వంపు విడిచింది. మడమ మాత్రం పైకి లాక్కుపోయి కిందికి దిగనంటోంది. దాన్ని పట్టి ఉంచింది మడమ వెనక వీణ తీగలా బిగిసిన అకిలిస్ టెండన్, పిక్క కండను మడమకు కలిపే తాడు. అక్కడ కాస్త మత్తుమందు ఎక్కించి, సన్నటి బ్లేడు మొనను చర్మంలోకి గుచ్చి, కొద్దిగా తిప్పుతారు. 'టిక్' మన్నట్టు డాక్టర్ వేలికి తెలుస్తుంది. అప్పటిదాకా మొరాయించిన పాదం ఒక్కసారిగా పదిహేను, ఇరవై డిగ్రీలు పైకి మడుస్తుంది. ఒక చుక్క రక్తం, కాస్త దూది, అంతే. కుట్టు కూడా పడదు. వెంటనే చివరి పిండికట్టు వేస్తారు, మూడు వారాలు ఉంచుతారు. తెగిన టెండన్ ఆ మూడు వారాల్లో కావలసినంత పొడవుకు పెరిగి తనంతట తానే అతుక్కుంటుంది.

పాదాలకు చేసే చిన్న కోత ఆపరేషన్లలో దీనికంటే చిన్నది దాదాపు లేదు. కానీ 'కీహోల్ సర్జరీ' అనగానే ఎవరికీ ఇది గుర్తుకు రాదు. గుర్తొచ్చేది పెద్ద ఊళ్ల హోర్డింగుల మీది మాటలు: కుట్లు లేవు, నొప్పి లేదు, అదే రోజు నడక. ఆ మాటల్లో కొంత నిజముంది, కొంత తొందరపాటు ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాదాలను దృష్టిలో పెట్టుకుని చూస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. ఇక్కడ ఎక్కువమందికి పనికొచ్చే చిన్న కోతలు ఖరీదైన మెషీన్లతో చేసేవి కావు. ఒక బ్లేడు మొనతోనో, ఒక ఇంజెక్షన్ సూదితోనో అయిపోయేవి. వాటికి కరువైనది పరికరం కాదు, కోతకు ముందూ వెనకా ఉండాల్సిన కాపలా.

చిన్న కోత అన్న ఆలోచన పాదానికి ఎందుకు అంతగా నప్పుతుందో ముందు చూడాలి. ఒక్కో పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు ఉంటాయి. తొడలోనో పొట్టలోనో ఉన్నట్టు పైన కండ, కొవ్వు మెత్తగా పరుచుకుని ఉండవు. చీలమండ దగ్గర చర్మం తీస్తే ఎముకే. పైగా గుండెకు అందరికంటే దూరపు చుట్టం పాదమే. కూర్చున్నా నిలబడ్డా నీరు కిందికే దిగుతుంది, వాపు తొందరగా తీయదు. అందుకే ఇక్కడ పొడుగు కోత పెడితే గాయం అంచులు నల్లబడడం, కుట్లు విడిపోవడం, చీము పట్టడం ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లలో, పొగతాగేవాళ్లలో (చుట్ట కూడా పొగే) మరీ ఎక్కువ. కోత తగ్గితే ఈ బెడద తగ్గుతుంది, ఇది నిజమైన లాభం. ఇరుకు చోటు కావడంతో దీనికో రెండో వైపు కూడా ఉంది. చర్మం తెరవకుండా లోపల పనిచేస్తున్నప్పుడు దారిలో ఉన్న నరం కంటికి కనబడదు.

బొటనవేలు పక్క వేలి మీదికి వాలిపోయి, దాని మొదట్లో ఎముక బొడిపెలా పొడుచుకొచ్చే సమస్యను డాక్టర్లు బునియన్ అంటారు. హోర్డింగుల మీద ఎక్కువగా కనిపించే పాదం ఆపరేషన్ ఇదే. ఇది చాలావరకు కుటుంబాల్లో వచ్చే గుణం, ఇరుకు బూట్లు దాన్ని ముదరబెడతాయి. పాత పద్ధతిలో పాదం పక్కన కొన్ని అంగుళాల కోత పెట్టి, ఎముకను రంపంతో కోసి జరిపేవారు. కొత్త పద్ధతిలో మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల రంధ్రాలు చాలు. వాటిలోంచి రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న బర్ అనే సన్నటి తిరుగుడు కత్తిని పంపుతారు. దంతవైద్యుల డ్రిల్ నిమిషానికి లక్షల చుట్లు తిరిగితే ఇది కొన్ని వేలకు మించదు. వేగం తక్కువ, బలం ఎక్కువ. తిరుగుతున్నంతసేపూ సెలైన్ పోస్తూనే ఉండాలి, లేకపోతే ఆ వేడికి ఎముకా చర్మమూ కమిలిపోతాయి. అరిగిన ఎముక తెల్లటి ముద్దలా ఆ రంధ్రంలోంచి పేస్టులాగా బయటికొస్తుంది. డాక్టర్ కళ్లు పాదం మీద ఉండవు, పక్కనున్న సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద ఉంటాయి. తెగిన ఎముకను పక్కకు జరిపి రెండు స్క్రూలు బిగిస్తారు.

'అదే రోజు నడక' అన్నది ఈ స్క్రూల వల్ల వచ్చిన మాటే. గట్టి అట్ట లాంటి సోలు ఉన్న ప్రత్యేకమైన చెప్పుతో బాత్రూమ్ దాకా నడవడం అదే రోజు సాధ్యం. వరి ఊడ్పులకు దిగడం కాదు. పైన పడ్డ కోత ఎంతదో ఎముకకు తెలియదు, అది అతకడానికి ఎప్పటిలాగే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. వాపు పూర్తిగా తీయడానికి నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు. ఈ చేతిపని పట్టుబడడానికి సర్జన్‌కు కొన్ని పదుల ఆపరేషన్లు అవసరమని ఈ రంగంలోని వాళ్లే ఒప్పుకుంటారు. కాబట్టి 'ఇది ఇప్పటికి ఎన్ని చేశారండీ?' అని అడగడం అమర్యాదేమీ కాదు. నొప్పి లేని బొడిపెను అందం కోసం కోయించుకోవడం మాత్రం ఏ పద్ధతిలోనూ తెలివైన పని కాదు.

చిన్న కోతకు అన్నీ లాభాలే అనుకునేవాళ్లు ఒక పరిశోధన ఫలితం చూడాలి. నార్వేలో అకిలిస్ టెండన్ తెగిన 526 మందిని మూడు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు ఆపరేషన్ లేకుండా కట్టుతో వైద్యం, రెండో గుంపుకు మామూలు కోత, మూడో గుంపుకు చిన్న కోత. ఫలితాలు 2022లో వచ్చాయి. ఏడాది తర్వాత మూడు గుంపుల వాళ్లూ నడకలో, పనిలో దాదాపు సమానంగానే ఉన్నారు. టెండన్ మళ్లీ తెగడం ఆపరేషన్ లేనివారిలో 6.2 శాతం, ఆపరేషన్ చేయించుకున్న రెండు గుంపుల్లోనూ 0.6 శాతం. నరం దెబ్బతినడం దగ్గరికి వచ్చేసరికి చిన్న కోత గుంపులో 5.2 శాతం, పెద్ద కోత గుంపులో 2.8 శాతం. పిక్క పక్కనుంచి మడమ దాకా దిగే నరం ఒకటి టెండన్‌ను ఒరుసుకుంటూ పోతుంది. చర్మం మూసి ఉండగా సూది గుచ్చితే అది దారంలో చిక్కుకునే వీలుంది. చిన్న కోత అంటే చిన్న రిస్కు అని అర్థం కాదు, రిస్కు ఒకచోట తగ్గి ఇంకోచోట పెరగడం.

చీలమండ కీలులోకి కెమెరా పంపడానికి మొదట్లో ఎవరూ ధైర్యం చేయలేదు. 1931లో అమెరికా డాక్టర్ బర్మన్ శవాల మీద ప్రయత్నించి, ఈ కీలు మరీ ఇరుకు, పనికిరాదని తేల్చేశారు. 1939లో జపాన్‌కు చెందిన టకాగి చేసి చూపించారు, 1972లో ఆయన శిష్యుడు వతనబే 28 చీలమండల అనుభవాన్ని ప్రకటించారు. ఇప్పుడు ముందువైపు రెండు చిన్న రంధ్రాలతో, ఒకదాంట్లో కెమెరా, ఇంకోదాంట్లో పనిముట్టుతో కీలు ముందు పెరిగిన ఎముక మొనలను చెక్కేస్తారు, విరిగిపడ్డ మృదులాస్థి ముక్కలను తీసేస్తారు. అడ్డొచ్చే నరాన్ని ముందే కనిపెట్టే చిట్కా ఒకటుంది. పాదాన్ని కిందికి వంచి నాలుగో వేలిని కూడా కిందికి లాగితే చాలామందిలో ఆ నరం చర్మం కింద దారంలా లేస్తుంది. మత్తు ఇవ్వకముందే దాని మీద పెన్నుతో గీత గీసుకుంటారు.

ఈ ఆపరేషన్ విలువ తెలియాలంటే విజయనగరం పక్కన కొండవెలగాడ వైపు చూడాలి, వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా దానికి పేరు. బరువు కింద లోతుగా కూర్చోవాలంటే మోకాలు పాదం ముందుకు రావాలి, అంటే చీలమండ బాగా మడవాలి. కీలు ముందు చిన్న ఎముక మొన లేచినా ఆ మడత ఆగిపోతుంది. లిఫ్టర్లు మడమ ఎత్తున్న బూట్లు వేసుకునేది కూడా ఆ మడత కొంత కలిసొస్తుందనే. లిఫ్టర్లదాకా ఎందుకు, గొంతుక్కూర్చుని పనిచేసే వాళ్లందరిదీ ఇదే అవసరం. పలాస జీడిపప్పు పనిలో, కలుపుతీతలో, ఇంట్లో కత్తిపీట ముందు కూర్చునే చోట చీలమండ మడవకపోతే రోజు గడవదు. కాబట్టి కీలును కాపాడే ఆపరేషన్‌కూ, అరిగిపోయాక కీలునే అతికించేసే ఆపరేషన్‌కూ తేడా ఇక్కడివాళ్లకు బాగా తెలుస్తుంది. రెండోది నొప్పి తీసేస్తుంది, గొంతుక్కూర్చునే భాగ్యాన్ని కూడా తీసుకుపోతుంది. అలాగని బెణికిన ప్రతి కాలికీ కెమెరా అక్కర్లేదు, బెణుకుల్లో చాలామటుకు కట్టు, విశ్రాంతి, ఆ తర్వాత వ్యాయామాలతోనే సర్దుకుంటాయి.

ఉద్దానంలో కొబ్బరిచెట్టు ఎక్కేవాళ్లు, పట్నాల్లో సారువ ఎక్కే భవన కార్మికులు జారిపడితే చాలాసార్లు మొదట నేలకు తగిలేది మడమ. మడమ ఎముక గుడ్డు పెంకులా పగులుతుంది. పాత పద్ధతిలో మడమ పక్కన ఎల్ ఆకారంలో పెద్ద కోత పెట్టి చర్మం మొత్తం లేపి ప్లేటు వేసేవారు. ఆ కోత మూల మానకపోవడం ఆ ఆపరేషన్‌కు మొదటినుంచీ ఉన్న చెడ్డపేరు. ఇప్పుడు చీలమండ కింద మూడు నాలుగు సెంటీమీటర్ల కోతలోంచో, స్క్రూలు గుచ్చో చేసేవాళ్లు పెరిగారు. ఇందులో టైమ్ ముఖ్యం. పెద్ద కోత పద్ధతిలో వాపు తీసి చర్మం మీద ముడతలు కనబడేదాకా ఆగవచ్చు. చిన్న కోతలో అంత సావకాశం లేదు, రెండు వారాలు దాటితే ముక్కలు ఉన్నచోటే అతకడం మొదలుపెడతాయి, బయటినుంచి లాగితే కదలవు. ముందు నాటుకట్టు కట్టించి, పదిహేను రోజులు చూసి, తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్లే అలవాటు సరిగ్గా ఈ అవకాశాన్నే మింగేస్తుంది. ఎత్తునుంచి మడమల మీద పడ్డవాళ్లలో సుమారు పది శాతం మందికి నడుము పూస కూడా విరుగుతుంది. కాలు చూపించుకోవడానికి వెళ్లి నడుము నొప్పి సంగతి చెప్పకపోతే ఎవరికీ తట్టకపోవచ్చు.

మడమ నొప్పి గురించి ఒక మాట. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే సూది గుచ్చినట్టయ్యే నొప్పికి ఎక్స్‌రే తీయిస్తే, మడమ కింద చిన్న కొక్కెం కనబడుతుంది. 'ముల్లు పెరిగింది, కోసేయాలి' అని టెన్షన్ మొదలవుతుంది. ఆ ముల్లు నొప్పి లేనివాళ్లలో కూడా ఉంటుంది. నొప్పి ఎక్కువగా అరికాలి పట్టీ లాంటి కణజాలానిది. పిక్కలు సాగదీసే వ్యాయామం, మెత్తటి చెప్పు, ఓపిక ఉంటే ఏడాదిలోపు నూటికి ఎనభై, తొంభై మందికి తగ్గిపోతుంది. కానీ ఓపిక బదులు మెడికల్ షాపులో నొప్పి బిళ్ల దొరుకుతుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఇది మామూలు విషయం కాదు. కిడ్నీ జబ్బుతో దశాబ్దాలుగా నలుగుతున్న ఉద్దానం ప్రాంతం అది. అక్కడ కిడ్నీలు చెడడానికి అసలు కారణం ఏదైనా, డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు బలహీనపడ్డ కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయన్నది మాత్రం ఖాయం. మడమ నొప్పికి నెలల తరబడి ఆ బిళ్లలు మింగడం కంటే పెద్ద ప్రమాదం ఏ చిన్న కోతలోనూ లేదు.

ఇక షుగర్ పాదం. ఈ రెండు జిల్లాల్లో కాలు, వేలు పోగొట్టుకోకుండా కాపాడే చిన్న కోత ఏదైనా ఉందంటే దీని దగ్గరే ఉంది. షుగర్ చాలా ఏళ్లుంటే పాదంలో స్పర్శ పోతుంది, కండరాల పట్టు తప్పి వేళ్లు పక్షి గోళ్లలా కిందికి వంగుతాయి. వంగిన వేలి కొన ప్రతి అడుగుకీ నేలను గుద్దుకుంటుంది. నొప్పి తెలియదు కాబట్టి మనిషి నడుస్తూనే ఉంటాడు. మొదట అక్కడ ఆనె కడుతుంది, తర్వాత ఆనె కింద రక్తం, ఆ తర్వాత పుండు, చివరికి ఎముక. నెలల తరబడి డ్రెస్సింగులు మార్చినా వేలు నేలకు గుద్దుకుంటూనే ఉంటే అది మానదు.

దీనికి చేసేది ఇంత: చేత్తో లాగితే వేలు నిటారుగా వస్తోందా అని చూస్తారు. వస్తోందంటే కీలు బిగుసుకుపోలేదన్నమాట. వేలి అడుగున మడత దగ్గర ఇంజెక్షన్ సూది గుచ్చి, దాని అంచుతోనే వేలిని వంచే టెండన్‌ను కోస్తారు. వేలు అక్కడికక్కడే నిటారవుతుంది. ఔట్‌పేషెంట్ గదిలో, కుర్చీలో కూర్చోబెట్టే చేసేయవచ్చు. నేలకు తగలడం ఆగాక, నెలల నాటి పుండు చాలామందిలో కొద్ది వారాల్లోనే మూసుకుంటుంది. డయాబెటిక్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ వర్కింగ్ గ్రూప్ కూడా 2023 మార్గదర్శకాల్లో ఇలాంటి వేలికొన పుండ్లకు ఈ పద్ధతినే వాడమంది. లోటు లేకపోలేదు, బరువు పక్క వేలి మీదికి జరిగి అక్కడ కొత్త పుండు లేవవచ్చు. ముందుగా పాదంలో నాడి అందుతోందో లేదో చూడాలి. రక్తం సరిగా రాని పాదానికి సూది గాటు కూడా మానదు. అలాంటివాళ్లకు ముందు రక్తనాళం తెరవాలి. దానికి వాడే డై, అంటే ఎక్స్‌రేలో రక్తనాళం కనబడడానికి ఎక్కించే మందు, కిడ్నీ మీద భారమే కాబట్టి ఉద్దానం రోగికి ఆ లెక్క కూడా ముందే చూసుకోవాలి.

స్పర్శ లేని పాదాన్ని ఎలా చూసుకోవాలన్నది ఈ ప్రాంతానికి కొత్త పాఠం కాదు. ఒకప్పటి విజయనగరం జిల్లాలో, ఇప్పటి పార్వతీపురం మన్యంలో ఉన్న సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆస్పత్రి ఎన్నో ఏళ్లుగా అదే పని చేస్తోంది. కుష్ఠు వేళ్లను తినేయదు, స్పర్శ పోయిన మనిషి తెలియకుండా తన వేళ్లను తానే పోగొట్టుకుంటాడు అని నిరూపించినవారు వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్. పుండు పడ్డ పాదానికి అంగుళం వదలకుండా అతుక్కునే పిండికట్టు వేసి, దాంతోనే నడిపించి మాన్పే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చిందీ ఆయనే. కుష్ఠు రోగులకు ఇచ్చే ఎంసీఆర్ చెప్పులు, అదే మెత్తటి రబ్బరు సోలున్నవి, షుగర్ పాదానికీ పనికొస్తాయి. కానీ అవి కుష్ఠు చెప్పులని గుర్తుపడతారేమోనన్న భయంతో షుగర్ ఉన్నవాళ్లు వాటి జోలికి పోరు. అరసవల్లిలో రథసప్తమి క్యూలోనో, ఎండాకాలం సిమెంటు గచ్చు మీదో ఒట్టి కాళ్లతో నిలబడితే ఆ పాదానికి బొబ్బ లేచేదాకా తెలియదు.

పాల్ బ్రాండ్ పుట్టిన 1914లోనే స్పెయిన్ దీవి మినోర్కాలో ఇగ్నాసియో పొన్సెటి కూడా పుట్టారు. మొదట చెప్పుకున్న పసిపాదం వైద్యం ఈయనది. వంకర పాదాలను పెద్ద కోతతో విప్పి సరిచేయడమే గొప్ప అనుకునే రోజుల్లో, అలా సరిచేసిన పాదాలు పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పి పెడుతున్నాయని అమెరికాలోని అయోవాలో ఆయన గమనించారు. చేత్తో సవరించడం, పిండికట్టు, చివర్లో ఆ ఒక్క బ్లేడు గాటు, ఇదే ఆయన పద్ధతి. చాలా ఏళ్లు తోటి డాక్టర్లే పెద్దగా పట్టించుకోలేదు. ఇప్పుడు ప్రపంచమంతా ఇదే వాడుతోంది.

సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరు ఇలాంటి పాదంతో పుడతారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే 30 సమస్యల్లో ఇదీ ఒకటి. పుట్టగానే కనిపెట్టి జిల్లా స్థాయి కేంద్రానికి పంపాలన్నది ఏర్పాటు. శ్రీకాకుళంలో జనం రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ మెడికల్ కాలేజీ, విజయనగరంలో 2023లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నాయి. కానీ ఇచ్ఛాపురం నుంచి విశాఖకు దూరం రెండు వందల కిలోమీటర్లకు పైమాటే కాబట్టి, ఈ పని జిల్లాలోనే జరగడం అవసరం. కట్టు వారం వారం మార్చాలి. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం వచ్చాక తల్లికి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఛార్జీ లేదు. ఆ రోజు కూలి మాత్రం పోతుంది. 'గ్రహణం రోజు బయటికెళ్లావు కాబట్టే ఇలా పుట్టాడు' అన్న నింద ఇంకా ఆ తల్లి నెత్తిమీదే ఉంటుంది, అందుకే ఆస్పత్రికి తీసుకెళ్లే భారం కూడా ఆమె మీదికే వస్తుంది.

బ్లేడు గాటు, మూడు వారాల కట్టు అయ్యాక మిగిలేది ఒక కమ్మీకి రెండు చిన్న బూట్లు బిగించిన బ్రేసు. వంకర పాదం వైపు బూటు బయటికి బాగా తిప్పి ఉంటుంది. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, తర్వాత నాలుగయిదేళ్లు వచ్చేదాకా రాత్రి నిద్రలో. పాదం చూడ్డానికి అప్పటికే బాగుంటుంది, వేళ్లూ మడమా అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఈ పద్ధతిలో అసలు చిక్కు ఇక్కడే. బాగున్న కాలికి బూట్లు ఎందుకో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. బ్రేసు వేసిన మొదటి రాత్రులు బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు. రెండు కాళ్లూ ఒకేసారి తన్నడం అలవాటయ్యాక ఊరుకుంటాడు, కానీ ఆ అలవాటుకు కొన్ని రోజులు కావాలి. ఆ రోజుల్లోనే పక్క మంచం మీదినుంచి నాయనమ్మ గొంతు వినబడుతుంది: 'గుంటడు నిద్రపోడం నేదు, ఈ రాత్రికి తీసీయే.' ఆ రాత్రికి తీస్తారు, మర్నాడు జ్వరమని తీస్తారు, పండగకు అమ్మమ్మ గారింటికి వెళ్తూ బ్రేసు ఇంట్లోనే వదిలేస్తారు. కొన్ని నెలలకు మడమ మెల్లగా మళ్లీ పైకి లేస్తుంది. అప్పుడు మళ్లీ మొదటి పిండికట్టు, వారం వారం మళ్లీ ఆ బస్సు.